ట్రాన్స్‌ఫర్ లెక్క వెనక నుంచి వేయాలి

ప్రశ్న: కాలిఫోర్నియా సెంట్రల్ వ్యాలీలోని ఒక కమ్యూనిటీ కాలేజీ ట్యూటరింగ్ సెంటర్‌లో వారానికి రెండు సాయంత్రాలు లెక్కలు, కెమిస్ట్రీ చెబుతుంటాను. నేను చదువుకున్నది గుంటూరులో. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది పొలాల్లో, ప్యాకింగ్ షెడ్లలో పనిచేసే మెక్సికన్ కుటుంబాల పిల్లలు. కొందరు మోంగ్ పిల్లలు (లావోస్ నుంచి వచ్చిన కుటుంబాలవాళ్లు), ఇద్దరు ముగ్గురు నల్లజాతి విద్యార్థులు ఉన్నారు. వాళ్ల ఇళ్లలో కాలేజీ గడప తొక్కింది వీళ్లే మొదట. తెలివికి లోటు లేదు. అయినా రెండేళ్లు ఇక్కడ చదివి యూనివర్సిటీకి మారి సైన్సు డిగ్రీ చేద్దామని వచ్చినవాళ్లు నాలుగేళ్లయినా ఇక్కడే ఉండిపోతున్నారు, లేదంటే మేజర్ మార్చేసుకుంటున్నారు. ఇప్పుడు ముగ్గురి గురించి బెంగగా ఉంది. ఈ ఫాల్‌లోనే చేరిన అబ్బాయికి సివిల్ ఇంజినీరింగ్ కావాలి, ప్రీకాలిక్యులస్ తీసుకున్నాడు. బయాలజీ చేయాలనుకుంటున్న అమ్మాయి జనరల్ కెమిస్ట్రీ మొదటి మిడ్‌టర్మ్‌లో 54 వచ్చాయని కోర్సు వదిలేస్తానంటోంది. మూడో అమ్మాయి రెండో ఏడాదిలో ఉంది, నవంబర్‌లో అప్లికేషన్ పెట్టాలి. నేను కౌన్సెలర్‌ని కాదు. నా చేతిలో ఉన్నదేమిటి?
— ఒక పాఠకురాలు

సమాధానం: ముందు కెమిస్ట్రీ అమ్మాయి సంగతి చూద్దాం, దానికి గడువు ఉంది కాబట్టి. మార్కులు చూసిన రాత్రే ఆన్‌లైన్‌లోకి వెళ్లి కోర్సు డ్రాప్ చేసే పిల్లలు చాలామంది ఉంటారు. ఆ అమ్మాయి ఆ పని చేయకముందే పక్కన కూర్చోబెట్టుకుని సిలబస్ కాగితం తీయించండి. అందులో దేనికెంత వెయిటేజీ అన్నది రాసి ఉంటుంది. ఉదాహరణకు మూడు మిడ్‌టర్మ్‌లకు ఒక్కోదానికి 15 శాతం, ఫైనల్‌కు 25, ల్యాబ్‌కు 25, హోంవర్క్‌కు 5 అనుకుందాం. ల్యాబ్‌లో, హోంవర్క్‌లో 90 శాతం తెచ్చుకుంటే అక్కడ 27 వచ్చాయి. 54 వచ్చిన మిడ్‌టర్మ్ నుంచి 8 వచ్చాయి. అంటే 35 చేతిలో ఉన్నాయి. సీ గ్రేడుకు 70 కావాలనుకుంటే, మిగిలిన రెండు మిడ్‌టర్మ్‌లు, ఫైనల్ కలిపి సగటున 64 శాతం వస్తే చాలు. 54 నుంచి 64కి రావడం కష్టమే గాని కొండ కాదు. ఈ లెక్క మీరు చెప్పొద్దు, ఆ అమ్మాయి చేతే కాగితం మీద వేయించండి.

అప్పుడు మిడ్‌టర్మ్ పేపరు తెప్పించి, పోయిన ప్రతి మార్కు పక్కన అది ఎందుకు పోయిందో రాయించండి. జనరల్ కెమిస్ట్రీ మొదటి పరీక్షలో మార్కులు పోయేది ఎక్కువగా మూడు చోట్ల: యూనిట్ల మార్పిడి, మోల్ నిష్పత్తులు, లిమిటింగ్ రియేజెంట్. ఈ మోల్ లెక్కే ద్రావణాల్లో, వాయువుల్లో, టైట్రేషన్‌లో మళ్లీ మళ్లీ వస్తుంది. తప్పులన్నీ అక్కడే ఉంటే రెండు వారాలు గట్టిగా కూర్చుంటే సరిపోతుంది. అలా కాకుండా సగం పేపరు ఖాళీగా వదిలేసి ఉంటే, అది చదవడానికి టైం దొరకక వచ్చిన సమస్య. దాని మందు వేరు, దాని సంగతి కిందికి వచ్చాక చెప్తాం.

వదిలేస్తే ఏమవుతుందో కూడా ఆమెకు తెలియాలి. సెమిస్టర్ మొదట్లో ఉండే సెన్సస్ తేదీలోపు మానేస్తే రికార్డులో ఏమీ కనిపించదు. ఇప్పుడు ఆ తేదీ దాటిపోయింది కాబట్టి ట్రాన్‌స్క్రిప్ట్‌లో డబ్ల్యూ (మధ్యలో మానేసినట్టు గుర్తు) పడుతుంది. దానివల్ల జీపీఏ తగ్గదు. కానీ కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో ఒక కోర్సును మామూలుగా మూడుసార్లే తీసుకోనిస్తారు, డబ్ల్యూ కూడా అందులో ఒకసారి కింద లెక్క. మొదలుపెట్టిన యూనిట్లలో (క్రెడిట్లలో) ఎన్ని పూర్తిచేశారో ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసు చూస్తుంది, అక్కడా దెబ్బ పడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, వచ్చే స్ప్రింగ్‌లో జనరల్ కెమిస్ట్రీ మొదటి భాగం మళ్లీ ఇస్తున్నారా లేదా అన్నది. చిన్న కాలేజీల్లో ఫాల్‌లో మొదటి భాగం, స్ప్రింగ్‌లో రెండో భాగం మాత్రమే ఇచ్చేచోట్లు ఉన్నాయి. అలాంటి చోట ఇవాళ డ్రాప్ చేస్తే పోయేది ఒక సెమిస్టర్ కాదు, ఏడాది. అన్నీ చూశాక కూడా డీ తప్పదనిపిస్తే డబ్ల్యూ తీసుకోవడమే నయం, దానికి నవంబర్ మధ్య వరకూ టైం ఉంటుంది. కచ్చితమైన తేదీ కాలేజీ క్యాలెండర్‌లో చూసుకోమనండి. ఇంకో మాట: సీ వచ్చిన కోర్సును గ్రేడు పెంచుకోవడానికి మళ్లీ తీసుకుంటామంటే యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ) ఒప్పుకోదు, సీ మైనస్ లేదా అంతకన్నా తక్కువ వస్తేనే రెండోసారి తీసుకున్న గ్రేడును లెక్కలోకి తీసుకుంటుంది.

ఇక మీరు అడిగిన పెద్ద ప్రశ్న. ఈ పిల్లలు వెనకబడేది చదువు రాక కాదు, కోర్సుల వరస తప్పడం వల్ల. సైన్సు మేజర్లలో కోర్సులు గొలుసుగా ఉంటాయి. ఒకటి పూర్తికానిదే తర్వాతది తీసుకోనివ్వరు. ఆ గొలుసు మొదటి సెమిస్టర్‌లో మొదలుకాకపోతే నాలుగో సెమిస్టర్‌కు అందదు. ఈ సంగతి మనవాళ్లకు వెంటనే తట్టదు, ఎందుకంటే మన దగ్గర పాలిటెక్నిక్ డిప్లొమా చేసినవాళ్లు ఈసెట్ రాసి ర్యాంకుతో బీటెక్ రెండో ఏడాదిలో చేరిపోతారు. ఒక పరీక్ష, ఒక ర్యాంకు, ఒక కౌన్సెలింగ్. ఇక్కడ ఆ పరీక్షే లేదు. దాని బదులు, మీ కాలేజీలో చదివిన ఏ కోర్సు అక్కడి ఏ కోర్సుకు సమానమో చెప్పే ఒప్పంద పత్రాలు ఉంటాయి. కాలిఫోర్నియా ప్రభుత్వ కాలేజీలన్నిటికీ అవి అసిస్ట్ డాట్ ఆర్గ్ అనే సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మీ విద్యార్థుల్లో చాలామంది ఆ పేరు మొదటిసారి వినేది మూడో సెమిస్టర్‌లోనే అయి ఉంటుంది. మొదటి నెలలోనే మీరు వినిపించగలిగితే సగం పని అయినట్టే.

ఆ పేజీ చదవడం కూడా ఒక విద్యే. పైన ఏడాది, మీ కాలేజీ పేరు, వెళ్లాలనుకునే క్యాంపస్ పేరు, మేజర్ పేరు ఎంచుకోవాలి. ఎడమవైపు యూనివర్సిటీ కోర్సు, కుడివైపు మీ కాలేజీ కోర్సు కనిపిస్తాయి. కుడివైపు రెండు కోర్సులను 'అండ్' అనే మాటతో కలిపి చూపిస్తే రెండూ పూర్తిచేస్తేనే ఎడమవైపు కోర్సు అయినట్టు. ఒకటి చేసి రెండోది వదిలేస్తే చేసినదానికి యూనిట్లు రావచ్చేమో గాని ఆ మేజర్ అవసరం తీరదు. జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్, కాలిక్యులస్ ఫిజిక్స్ జంటలను ఒకే కాలేజీలో పూర్తిచేయమనేది ఇందుకే. కుడివైపు 'నో కోర్స్ ఆర్టిక్యులేటెడ్' అని ఉంటే దానికి సరిపోయే కోర్సు మీ కాలేజీలో లేదు, వేరే కాలేజీలోనో, వేరే కాలేజీల కోర్సులు ఆన్‌లైన్‌లో తీసుకోనిచ్చే ఎక్స్ఛేంజ్‌లోనో వెతకాలి, లేదా యూనివర్సిటీకి వెళ్లాకే చేయాలి. ఏది తప్పనిసరి, ఏది చేస్తే మంచిది అన్నది పేజీ పైభాగంలో పేరాల్లో రాస్తారు. పిల్లలు పట్టికలోకి దూకేసి ఆ పేరాలు వదిలేస్తారు. గట్టిగా చదివించండి.

ఇక్కడే ఇంకో గొయ్యి ఉంది. ఫిజిక్స్ రెండు రకాలుగా ఇస్తారు, ఆల్జీబ్రాతో చెప్పేది, కాలిక్యులస్‌తో చెప్పేది. కాలిక్యులస్ కూడా బిజినెస్ వాళ్లకు వేరు, సైన్సు వాళ్లకు వేరు. పేర్లు దగ్గరదగ్గరగా ఉంటాయి, నంబర్లు పక్కపక్కనే ఉంటాయి, సాయంత్రం స్లాటు ఖాళీగా ఉన్నది తీసుకునేస్తారు. ఇంజినీరింగ్‌కు, ఫిజిక్స్‌కు, కెమిస్ట్రీకి ఆల్జీబ్రా ఫిజిక్స్ పనికిరాదు. బయాలజీకి ఒక క్యాంపస్ సరే అంటే ఇంకోటి వద్దంటుంది. కాబట్టి కనీసం మూడు నాలుగు క్యాంపస్‌ల ఒప్పందాలు పక్కపక్కన పెట్టుకుని, అన్నిటికీ సరిపోయే కోర్సు ఎంచుకోవాలి. యూసీ వాళ్లు ఎక్కువమంది కోరే మేజర్లకు ట్రాన్స్‌ఫర్ పాత్‌వేస్ పేరుతో తొమ్మిది క్యాంపస్‌లకూ ఉమ్మడిగా ఒక కోర్సుల జాబితా ఇచ్చారు, మొదలుపెట్టడానికి అది బాగుంటుంది.

సివిల్ అబ్బాయి గొలుసు వేసి చూద్దాం. చివరి నుంచి వెనక్కి రావాలి. ఇంజినీరింగ్ మేజర్‌కు సాధారణంగా అడిగేవి: కాలిక్యులస్ మూడు భాగాలు, దాని మీద డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, లీనియర్ ఆల్జీబ్రా, కాలిక్యులస్ ఫిజిక్స్ మూడు భాగాలు, కెమిస్ట్రీ ఒకటో రెండో, స్టాటిక్స్, కొంచెం ప్రోగ్రామింగ్. ఫిజిక్స్ మొదటి భాగానికి కాలిక్యులస్ ఒకటి ముందు పూర్తవ్వాలి. స్టాటిక్స్‌కు ఫిజిక్స్ మొదటి భాగం కావాలి. అతను ఈ ఫాల్‌లో ప్రీకాలిక్యులస్‌లో ఉన్నాడు. స్ప్రింగ్‌లో కాలిక్యులస్ ఒకటి. వచ్చే ఫాల్‌లో కాలిక్యులస్ రెండు, ఫిజిక్స్ ఒకటి. ఆ తర్వాతి స్ప్రింగ్‌లో కాలిక్యులస్ మూడు, ఫిజిక్స్ రెండు, స్టాటిక్స్. నాలుగు సెమిస్టర్లు అయిపోయాయి. డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, ఫిజిక్స్ మూడు ఇంకా మిగిలే ఉన్నాయి. అతను చేరకముందు వేసవిలోనే ప్రీకాలిక్యులస్ చేసుంటే ఇదే గొలుసు సరిగ్గా నాలుగు సెమిస్టర్లకు సరిపోయేది. ఒక్క వేసవి ఖరీదు ఒక ఏడాది.

ఇప్పుడు అతనికి రెండు దారులు. ఒకటి, స్ప్రింగ్‌లో కాలిక్యులస్ ఒకటి బాగా వస్తే వేసవిలో కాలిక్యులస్ రెండు తీసుకోవడం. వేసవి కోర్సు ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మొత్తం సెమిస్టర్ పాఠం పూర్తిచేస్తుంది, ఆ వారాల్లో పనికి వెళ్లడం దాదాపు కుదరదు. పొలం పనులున్న ఇంట్లో వేసవి అంటే సంపాదించే కాలం. ఈ మాట ఇంట్లో ముందే మాట్లాడుకోమనాలి. అప్పటికీ ఫిజిక్స్ మూడో భాగం మిగులుతుంది గనక, అది లేకుండా తీసుకునే క్యాంపస్‌లు ఏవో ఒప్పందాల్లో చూసుకోవాలి. రెండోది, మూడేళ్లని ఇప్పుడే అనుకుని, ఎయిడ్ కూడా అలాగే లెక్కవేసుకోవడం. మూడేళ్లు పట్టడం తప్పేమీ కాదు. ఆ సంగతి నాలుగో సెమిస్టర్‌లో తెలియడమే పిల్లల్ని విరిచేస్తుంది.

బయాలజీలో ఇరుసు లెక్కలు కాదు, కెమిస్ట్రీ. హైస్కూల్లో కెమిస్ట్రీ గట్టిగా చదవనివాళ్లు ముందు పరిచయ కెమిస్ట్రీలో చేరతారు, తర్వాత జనరల్ రెండు భాగాలు, ఆ తర్వాత ఆర్గానిక్ రెండు భాగాలు. అంటే ఐదు సెమిస్టర్లు. చాలా కాలేజీల్లో పరిచయ కోర్సు దాటించే ప్లేస్‌మెంట్ పరీక్ష ఉంటుంది. చేరకముందే రాయించాలి, దానికి మీరు నాలుగు వారాలు తర్ఫీదు ఇవ్వగలరు. ట్యూటరుగా మీరు చేయగలిగే పనుల్లో ఇంతకు మించి ఫలితం ఇచ్చేది ఇంకోటి లేదు.

'ముందు జనరల్ ఎడ్యుకేషన్ అయిపోనీ, మేజర్ తర్వాత చూసుకుందాం' అనే సలహా వీళ్లకు అందరూ ఇస్తారు. ఆర్ట్స్ మేజర్లకు అది సరిపోతుంది. సైన్సు పిల్లలకు అంతకన్నా చేటు చేసే సలహా లేదు. చరిత్ర, సోషియాలజీ, ఆర్ట్ ఏ సెమిస్టర్‌లోనైనా తీసుకోవచ్చు, వాటికి గొలుసు లేదు. 2025 ఫాల్ నుంచి చేరినవాళ్లకు యూసీకీ, క్యాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీకీ (సీఎస్‌యూ) కలిపి క్యాల్ గెట్‌సీ అని ఒకే జాబితా వచ్చింది, 34 యూనిట్లు. ప్రతి సెమిస్టర్‌లో లెక్కలు ఒకటి, సైన్సు ఒకటి, ఈ జాబితా నుంచి ఒకటి పెట్టుకోవడం మంచి కొలత. ఇంగ్లిష్ కంపోజిషన్ మాత్రం మొదటి ఏడాదిలోనే అయిపోవాలి.

మీకు కాస్త చేదుగా అనిపించే మాట ఒకటి. మనం చదువుకున్న పద్ధతిలో 'బేసిక్స్ గట్టిపడనీ, తర్వాత పైకి వెళ్దువు' అనడం ప్రేమతో అనే మాట. ఇక్కడ ఆ మాట పిల్లల్ని కింది కోర్సుల్లో ఇరికించేస్తుంది. దశాబ్దాలపాటు ప్లేస్‌మెంట్ పరీక్షలతో రెండు మూడు మెట్లు కిందికి పంపేవాళ్లు, అలా పంపినవాళ్లలో చాలామంది పైకి రాలేదు. నల్లజాతి, లాటినో పిల్లలకే ఆ దెబ్బ ఎక్కువ తగిలింది. 2017లో ఏబీ 705, 2022లో ఏబీ 1705 చట్టాలు అందుకే వచ్చాయి. ఇప్పుడు పిల్లల్ని ట్రాన్స్‌ఫర్‌కు లెక్కకొచ్చే కోర్సులోనే చేర్చి, తోడుగా సపోర్ట్ కోర్సు ఇస్తారు. కాబట్టి పై కోర్సులో ఉంచే కింది రంధ్రాలు పూడ్చాలి. కాలిక్యులస్‌లో ఫెయిలయ్యే పిల్లవాడు చాలాసార్లు డెరివేటివ్ దగ్గర కాదు, ఆల్జీబ్రా దగ్గర పడిపోతాడు. ఎక్స్ వర్గానికి తొమ్మిది కలిపి వర్గమూలం తీయమంటే ఎక్స్ ప్లస్ మూడు అని రాస్తాడు. భిన్నంలో పైన ఉన్న ఒక్క పదాన్నే కొట్టేస్తాడు. ఇలాంటివి పది పన్నెండు రకాలే ఉంటాయి. జాబితా రాసుకుని, ఆ వారం పాఠంలో ఏది అవసరమో దాన్నే ఆ సాయంత్రం పట్టుకోండి.

ఒక్కొక్కరికి విడిగా చెప్పడం కన్నా నలుగురైదుగురిని ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టడం మేలు. 1970ల్లో బర్క్‌లీలో యూరీ ట్రైస్మన్ అనే గ్రాడ్యుయేట్ విద్యార్థి, నల్లజాతి విద్యార్థులు కాలిక్యులస్‌లో ఎందుకు దెబ్బతింటున్నారో వాళ్ల వెంట తిరిగి గమనించాడు. పట్టుదల తక్కువనీ, ఇంట్లో ప్రోత్సాహం లేదనీ అందరూ అనుకున్నవేవీ నిలబడలేదు. వాళ్లు ఒంటరిగా చదువుతున్నారు, బాగా చేస్తున్న చైనీస్ అమెరికన్ విద్యార్థులు కలిసి చదువుతూ ఒకరి తప్పు ఒకరు దిద్దుకుంటున్నారు. ఆయన పెట్టిన వర్క్‌షాపుల్లో తేలిక లెక్కలు ఇవ్వలేదు, క్లాసు కన్నా కష్టమైనవి ఇచ్చి గుంపుగా చేయించాడు. మీరూ అలాగే చేయండి. నాలుగు గట్టి లెక్కలు, ఒక తెల్లబోర్డు, గంటన్నర. మీరు సమాధానం చెప్పకండి. ఒకరు బోర్డు మీద రాస్తుంటే మిగతావాళ్లు ఎందుకని అడగాలి.

టైం సంగతి చెప్తామన్నాం. ఒక యూనిట్ అంటే క్లాసు, చదువు కలిపి వారానికి మూడు గంటల పని. జనరల్ కెమిస్ట్రీ ఐదు యూనిట్లు, అంటే 15 గంటలు. 12 యూనిట్లు తీసుకుంటే వారానికి 36 గంటలు. దాని మీద 30 గంటల ఉద్యోగం, తమ్ముళ్లను బడి నుంచి తేవడం, గంట బస్సు ప్రయాణం పెడితే ఏం మిగులుతుందో కాగితం మీద గీయించండి. సగం ఖాళీగా ఉన్న ఆ మిడ్‌టర్మ్ పేపరుకు కారణం అక్కడ కనిపిస్తుంది. ఉద్యోగం మానమని మనం చెప్పలేం. ఆ గంటలను కొంచెం కొనుక్కునే దారులు చూపగలం. ఈఓపీఎస్ అనే ప్రోగ్రాం 1969 నుంచీ ఉంది: పుస్తకాలకు సాయం, సొంతంగా ఒక కౌన్సెలర్, రిజిస్ట్రేషన్‌లో ముందు వరస. ఆ ముందు వరస చిన్న విషయం కాదు, సాయంత్రం కెమిస్ట్రీ ల్యాబ్‌లో సీటు దొరకడమూ దొరకకపోవడమూ దాని మీదే ఆధారపడుతుంది. చేరడానికి సాధారణంగా 12 యూనిట్లు తీసుకోవాలి, ఇప్పటికే 70 యూనిట్లు దాటినవాళ్లను తీసుకోరు, అందుకే మొదట్లోనే చేరాలి. సైన్సు, ఇంజినీరింగ్ పిల్లలకు తోడ్పడే మెసా ప్రోగ్రాం 1970లో ఓక్లాండ్‌లో మొదలైంది. చాలా కమ్యూనిటీ కాలేజీల్లో దానికి ఒక గది ఉంటుంది, గుంపు చదువు అక్కడ నడుస్తుంది. మీ కాలేజీలో ఉంటే మీ బల్లను ఆ గదిలోకే మార్చేయండి. కాలేజీ ఫీజు యూనిట్‌కు 46 డాలర్లు, ఆదాయం తక్కువున్నవాళ్లకు కాలిఫోర్నియా కాలేజ్ ప్రామిస్ గ్రాంట్‌తో అదీ మాఫీ అవుతుంది. మాఫీ ఉందని తెలియక రెండు కోర్సులే తీసుకునే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు.

పేపర్లు లేని పిల్లలు మీ బల్ల దగ్గర ఉండొచ్చు. అడగకండి. కాలిఫోర్నియాలో హైస్కూలు చదివినవాళ్లు చాలామందికి ఏబీ 540 కింద రాష్ట్రవాసుల ఫీజే పడుతుందనీ, ఫాఫ్సా (ఫెడరల్ ఎయిడ్ దరఖాస్తు) బదులు కాలిఫోర్నియా డ్రీమ్ యాక్ట్ దరఖాస్తు ఉందనీ అందరి ముందూ అందరికీ కలిపి చెప్పండి. అవసరమైనవాళ్లు వింటారు. రెండిటికీ క్యాల్ గ్రాంట్ (రాష్ట్రం ఇచ్చే సాయం) గడువు సాధారణంగా మార్చి 2.

మీ మూడో అమ్మాయి. ఆరు యూసీ క్యాంపస్‌లు (డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్) ట్యాగ్ పేరుతో ముందుగానే సీటు హామీ ఇస్తాయి. ఒక్క క్యాంపస్‌కే పెట్టుకోవాలి, కొన్ని మేజర్లకు అది వర్తించదు, గడువు సెప్టెంబర్ 30. ఆ అమ్మాయి అప్పుడే పెట్టి ఉంటే సరే. లేకపోతే ఈ ఏడాదికి అది దాటిపోయింది, మీ మొదటి ఏడాది పిల్లలిద్దరి పేర్ల పక్కన రాసిపెట్టుకోండి. ట్యాగ్ పెట్టినా అసలు అప్లికేషన్ మళ్లీ పెట్టాల్సిందే, అది మర్చిపోయేవాళ్లూ ఉన్నారు. అక్టోబర్ 1 నుంచి నవంబర్ నెలాఖరు దాకా యూసీకీ, సీఎస్‌యూకీ దరఖాస్తులు తీసుకుంటారు. ఫీజు యూసీకి క్యాంపస్‌కు 80 డాలర్లు, సీఎస్‌యూకి 70. అర్హత ఉంటే ఒక్కోదానిలో నాలుగు క్యాంపస్‌ల వరకూ మాఫీ. సీఎస్‌యూ వైపు అసోసియేట్ డిగ్రీ ఫర్ ట్రాన్స్‌ఫర్ (ట్రాన్స్‌ఫర్ కోసమే కమ్యూనిటీ కాలేజీ ఇచ్చే డిగ్రీ) ఉంటే ఏదో ఒక క్యాంపస్‌లో సీటు ఖాయం. కోరిన క్యాంపస్‌లోనే అని కాదు, ఈ తేడా ఆమెకు ముందే తెలియాలి. ఇంగ్లిష్ కంపోజిషన్, స్పీచ్, క్రిటికల్ థింకింగ్, లెక్కలు, ఈ నాలుగూ సీ మైనస్‌కు తగ్గకుండా అయ్యాయో లేదో చూడండి.

ఒక విషయం తప్పకుండా అడగండి: హైస్కూల్లో ఉండగా ఏదైనా కాలేజీ కోర్సు తీసుకుందా? డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ కింద చాలామంది తీసుకుంటారు, మధ్యలో మానేస్తారు, ఆ ఎఫ్ గ్రేడు కాలేజీ ట్రాన్‌స్క్రిప్ట్‌లో అలాగే ఉండిపోతుంది. వాళ్లకది హైస్కూలు గోల. యూనివర్సిటీకది కాలేజీ గ్రేడు. చదివిన ప్రతి కాలేజీ పేరూ రాయాలి, దాస్తే వచ్చిన సీటు పోతుంది. ఇప్పుడే బయటపడితే ఆ కోర్సు మళ్లీ చేయడమో, అకడమిక్ రెన్యూవల్ (పాత చెడ్డ గ్రేడును జీపీఏ లెక్కలోంచి తీసేయడం) అడగడమో కౌన్సెలర్‌తో మాట్లాడుకోవచ్చు.

యూసీకి నాలుగు జవాబులు రాయాలి, ఒక్కోటి 350 పదాలకు మించకుండా. అందులో మేజర్‌కు ఎలా సిద్ధమయ్యారన్నది ట్రాన్స్‌ఫర్ వాళ్లకు తప్పనిసరి. వీళ్లు రాసే మొదటి ప్రతిలో 'చిన్నప్పటి నుంచీ సైన్సంటే ఇష్టం' అని ఉంటుంది. కొట్టేయించండి. ఏ ల్యాబ్‌లో ఏ ప్రయోగం తప్పింది, ఎలా సరిచేసింది, ఆ తర్వాత ఏ కోర్సు ఎందుకు ఎంచుకుంది అన్నవి రాయించండి. ఇంటి సంగతులు అంకెలతో రాయించండి. వారానికి 28 గంటలు షెడ్డులో పని అంటే చాలు, 'ఎన్నో కష్టాలు పడ్డాను' అక్కర్లేదు. బాదం, ద్రాక్ష కోతల కాలం ఫాల్ సెమిస్టర్ మొదటి వారాల మీదే పడుతుంది. ఆ ఫాల్‌లో గ్రేడ్లు తగ్గి స్ప్రింగ్‌లో పెరిగి ఉంటే, అదనపు వివరాలు రాసేచోట రెండు వాక్యాల్లో ఆ కారణం చెప్పమనండి. చదివేవాళ్లు అది ఊహించి తెలుసుకోలేరు. భాష మీరు దిద్దొచ్చు, వాక్యాలు మీరు రాయొద్దు.

జనవరిలో ఫాల్ గ్రేడ్లు, స్ప్రింగ్ కోర్సులు నింపే అప్‌డేట్ ఉంటుంది, జనవరి 31లోపు. ఏప్రిల్‌లో ఫలితాలు వస్తాయి, జూన్ 1లోపు సీటు ఖాయం చేసుకోవాలి, జులై 1కి చివరి ట్రాన్‌స్క్రిప్ట్ అందాలి. సీటు వచ్చాక స్ప్రింగ్‌లో ఒక కోర్సు మానేసి చెప్పకుండా ఊరుకుంటే ఆ సీటు రద్దవుతుంది. ఏప్రిల్ తర్వాత మీ దగ్గరికి రావడం మానేసిన పిల్లల్ని వెతికి పట్టుకోవాల్సింది ఇందుకే.

వేసవి పరిశోధన అవకాశాలు, ఫెడరల్ డబ్బుతో నడిచే స్కాలర్‌షిప్పులు చాలా ఏళ్లుగా వీళ్లకు పెద్ద ఆసరా. ఈమధ్య వాటిలో కొన్నిటికి నిధులు ఆగిపోయాయి. అందుకని ఏదైనా ప్రోగ్రాం పేరు చెప్పేముందు ఈ ఏడాది నడుస్తోందో లేదో కనుక్కుని చెప్పండి. ఆశపెట్టి లేదనిపించడం ఈ పిల్లలకు చాలాసార్లు జరిగింది.

మీ హద్దు ఒకటి గుర్తుంచుకోండి. ఈ కోర్సు చెల్లుతుంది, ఈ సీటు వస్తుంది అని మీరు మాట ఇవ్వకూడదు. కౌన్సెలర్ దగ్గర దొరికేది అరగంట. ఆ అరగంటకు పిల్లల్ని సిద్ధం చేసి పంపడం మీ పని: మూడు క్యాంపస్‌ల ఒప్పందాల ప్రింట్లు, సెమిస్టర్ల వారీగా పెన్సిల్‌తో రాసుకున్న ప్లాను, ఎక్కడ అందడం లేదో గుర్తు, ఈ కోర్సు వచ్చే ఫాల్‌లో ఇస్తారా అన్న ప్రశ్న. ఉత్త చేతులతో వెళ్లినవాళ్లకూ వీటితో వెళ్లినవాళ్లకూ అదే కౌన్సెలర్ దగ్గర దొరికే జవాబు వేరుగా ఉంటుంది.

సీటు వచ్చి వెళ్లిపోయిన పిల్లల ఫోన్ నంబర్లు మీ దగ్గర ఉంచుకోండి. అక్కడ రిజిస్ట్రేషన్ రోజున కంప్యూటర్ వీళ్ల పాత కాలిక్యులస్‌ను గుర్తించక తర్వాతి కోర్సులోకి రానివ్వదు. ట్రాన్‌స్క్రిప్ట్ ఇంకా ఎక్కకపోవడమే కారణం, డిపార్ట్‌మెంట్‌కు కాపీ పంపి అడిగితే తీసేస్తారు. అది తెలియక ఆ కోర్సే మళ్లీ చేద్దామనుకునేవాళ్లు ఉంటారు. బర్క్‌లీ, మెర్సెడ్ తప్ప మిగతా యూసీ క్యాంపస్‌లు క్వార్టర్ పద్ధతిలో నడుస్తాయి, పాఠాలు పది వారాలే. మొదటి క్వార్టర్‌లో సైన్సు కోర్సులు రెండుకు మించొద్దని చెప్పి పంపండి. మొదటి మిడ్‌టర్మ్ మూడో నాలుగో వారంలోనే వచ్చేస్తుంది, ఇక్కడి లెక్కన చూస్తే అప్పటికి పుస్తకాలు కూడా సర్దుకోని సమయం. ఆ మార్కులు చూసి, ఇక్కడ 54 చూసి అనుకున్నట్టే అక్కడా అనుకుంటారు. మూడో వారం ఆదివారం సాయంత్రం ఫోన్ చేయండి.